మైలవరం జలాశయంలో ఒక పడవ, నాలుగు తాళ్ళు: ముందు తెరచాప ఫర్లింగ్ తాడు ఎంపికపై ఒక కేస్ స్టడీ

నేను కర్నూలులో ఉంటాను. బేతంచెర్ల వైపు నాపరాయి గనులకు, క్రేన్లకు స్లింగులూ తీగతాళ్ళూ కట్టి ఇవ్వడం నా వృత్తి. తెరచాప పడవల తాళ్ళ పని హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున కొన్నేళ్ళు ఉండి నేర్చుకున్నాను గానీ, రాయలసీమలో ఆ పని అడిగేవారు ఏడాదికి ఒకరో ఇద్దరో ఉంటారు. అందువల్ల గత జులైలో జమ్మలమడుగు నుంచి ఒకాయన ఫోను చేసి, తన పడవకు ముందు తెరచాపను చుట్టే తాడు, అంటే ఫర్లింగ్ తాడు, కొత్తది వేయించాక పరిస్థితి మునుపటికంటే అధ్వానమైందని చెప్పినప్పుడు, ఫోనులో సలహా చెప్పి ఊరుకోకుండా మరునాడే కొలత టేపూ స్ప్రింగు త్రాసూ సంచిలో వేసుకొని బయలుదేరాను. ఈ పనిలో నేనూ ఒక తప్పు చేశాను. దానిని కూడా ఇక్కడ దాచకుండా రాస్తున్నాను.

పడవ యజమాని ఉద్యోగ విరమణ చేసిన ఇంజనీరు, వయసు అరవై ఏడు. చెన్నైలో పాత పడవ ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి కొని, లారీ మీద మైలవరం జలాశయానికి తెప్పించుకున్నారు. అది 21 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ. ముందు తెరచాప, అంటే జిబ్, నిలువు అంచు 7.5 మీటర్లు, అడుగు అంచు 2.6 మీటర్లు, వైశాల్యం దాదాపు 9.75 చదరపు మీటర్లు. పడవను చూసుకోవడానికి అక్కడే చేపలు పట్టే ఒక యువకుణ్ణి పెట్టుకున్నారు. తెరచాప అతనికి కొత్త విషయమే అయినా, నీటి మీద గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందో అతనికి తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియదు.

ఈ సాధనాన్ని ఎప్పుడూ చూడనివారికి రెండు మాటల్లో చెబుతాను. దుకాణం షట్టరు పైన ఉన్న ఇరుసుకు చుట్టుకున్నట్లే, జిబ్ తెరచాప పడవ ముక్కు నుంచి తెరకొయ్య పైభాగానికి ఏటవాలుగా బిగించిన తీగ చుట్టూ ఉండే గొట్టానికి చుట్టుకుంటుంది. ఆ గొట్టం అడుగున, పడవ ముక్కు దగ్గర, దారం ఉండ లాంటి డ్రమ్ ఒకటి ఉంటుంది. తెరచాప పూర్తిగా విప్పినప్పుడు డ్రమ్ నిండా తాడు ఉంటుంది. వెనుక కూర్చున్న మనిషి ఆ తాడును లాగితే డ్రమ్ తిరిగి, తెరచాప గొట్టానికి చుట్టుకుంటూ పోతుంది, డ్రమ్ మీద తాడు ఖాళీ అవుతూ వస్తుంది. తెరచాపను మళ్ళీ విప్పాలంటే దాని వెనుక మూలకు కట్టిన షీటు తాడును లాగాలి, అప్పుడు ఫర్లింగ్ తాడు తిరిగి డ్రమ్ మీదకు చేరుతుంది. గాలి పెరిగినప్పుడు తెరచాపను సగానికి కుదించి నిలిపి ఉంచేదీ ఈ తాడే. కాబట్టి గాలి ముదిరిన వేళ పడవలో అందరి ప్రాణమూ నమ్ముకొని ఉండేది వేలెడు లావు కూడా లేని ఆ తాడునే.

జరిగిన ప్రమాదం

పడవతో పాటు వచ్చిన తాడు 6 మి.మీ. మందం గలది. పై తొడుగు అరిగిపోయి లోపలి పోగులు బయటపడుతున్నందున దానిని మార్చాలని యజమాని అనుకున్నారు. బజారులో దొరికిన 10 మి.మీ. నైలాన్ తాడును, మూడు పేటలు పురి పెట్టినదాన్ని, తెచ్చి వేయించారు. వేసిన మనిషి లెక్క ఒక్కటే, పాతది సన్నంగా ఉంది కాబట్టి అరిగింది, లావైనది అరగదు. ఒడ్డున గాలి లేని ఉదయం పూట పరీక్షించి చూస్తే తెరచాప చక్కగా చుట్టుకుంది, షీటు తాళ్ళు కూడా రెండు చుట్లు దాని మీద పడ్డాయి. అందరూ సంతోషించారు.

నాలుగు రోజుల తరువాత, మధ్యాహ్నం గండికోట వైపు నుంచి గాలి విసురుగా వీస్తుండగా యజమాని, ఆ యువకుడు ఇద్దరూ జలాశయం మధ్యలో ఉన్నారు. తెరచాపను తొందరలో ఒక్కసారిగా వదిలేసరికి డ్రమ్ గిర్రున తిరిగి, పై వరుసలోని ఒక చుట్టు అంచు దాటి కిందికి జారి, డ్రమ్ అడుగున ఇరుక్కుపోయింది. అప్పటికి తెరచాప మూడింట రెండు వంతులు విప్పుకొని ఉంది. ఆ తరువాత సంగతి యువకుడి మాటల్లోనే రాస్తాను: "లాగినా రాల్యా, వదిలినా పోల్యా సార్. లావు తాడైతే బలమని ఏసినారు, అది గొంతులో ముద్ద అడ్డం పడినట్ల అయిపాయ." పడవ గాలికి కొట్టుకొని తూర్పు ఒడ్డున రాళ్ళకు చేరింది. మనుషులకు దెబ్బలు తగలలేదు గానీ, తెరచాప వెనుక అంచు మోచేయి పొడవున చిరిగింది.

మొదట చూడవలసినవి

తాడే దోషి అని అందరూ ముందే తీర్పు చెప్పారు కాబట్టి, నేను దానిని చివరకు పెట్టుకొని మిగతావి ముందు చూశాను. క్రేన్ల పనిలో అలవాటైన పద్ధతి ఇది. బరువు లేవకపోతే తాడును తిట్టేముందు గిలకను చూడాలి.

తాడును డ్రమ్ నుంచి పూర్తిగా విప్పి, గొట్టాన్ని చేతితో తిప్పాను. కింది బేరింగులో కొంచెం గరగర ఉంది. ఆ ప్రాంతంలో నాపరాయి పాలిష్ ధూళి, సిమెంటు ధూళి గాలిలో ఎప్పుడూ ఉంటాయి. మంచినీటితో కడిగితే గరగర పోయింది. తరువాత తెరకొయ్య పైకి చూశాను. తెరచాపను పైకెత్తే హేలియార్డు తాడు, పైభాగంలో తిరిగే ముక్కకు మరీ దగ్గరగా, గొట్టానికి సమాంతరంగా ఉంటే, ఆ తాడు కూడా గొట్టం చుట్టూ చుట్టుకొని మొత్తం బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. అటువంటప్పుడు కింద వించి, అంటే తాడు లాగే చేతి యంత్రం, పెట్టి బలవంతంగా లాగితే ముందు తీగే తెగి, తెరకొయ్య పడిపోవచ్చు. ఇక్కడ ఆ లోపం లేదు, హేలియార్డు తగినంత ఎడంగానే ఉంది. ఈ రెండూ చూశాకే డ్రమ్ దగ్గర కూర్చున్నాను.

అక్కడ రెండు లోపాలు కంటికే కనిపించాయి. ఒకటి, డ్రమ్‌కు ముందున్న చివరి గిలక రెండు వేళ్ళ ఎత్తున ఎక్కువగా బిగించి ఉంది. తాడు డ్రమ్ మధ్యకు, ముందు తీగకు లంబంగా చేరాలి. అప్పుడే అది పైకీ కిందికీ తనంతట తాను సర్దుకుంటుంది. ఇక్కడ అది వాలుగా వస్తున్నందున చుట్లన్నీ పై అంచు దగ్గర పోగుపడి, కింది సగం దాదాపు ఖాళీగా ఉంది. రెండోది, డ్రమ్ నిండి, పొర్లి, పై చుట్టు అంచుకంటే ఎత్తున నిలబడి ఉంది. పాల గిన్నె అంచు దాకా పొంగితే పొయ్యి మీద పడకుండా ఎంతసేపు ఉంటుంది?

లెక్క

డ్రమ్‌ను కొలిచాను. లోపలి ఇరుసు మందం 50 మి.మీ., రెండు అంచుల మధ్య ఎత్తు 45 మి.మీ., అంచుల వ్యాసం 120 మి.మీ. అంటే తాడు పేరుకోవడానికి ఇరుసు మీద నుంచి అంచు దాకా 35 మి.మీ. లోతు ఉంది. 10 మి.మీ. తాడు అయితే వరుసకు 4 చుట్లు, 3 వరుసలు, మొత్తం 12. అదే 8 మి.మీ. అయితే వరుసకు 5 చొప్పున 4 వరుసలు, అంటే 20. 6 మి.మీ. అయితే వరుసకు 7 చొప్పున 5 వరుసలు, అంటే 35. ఇవన్నీ దారపు ఉండ మీద దారంలా పొందికగా చుట్టుకుంటే వచ్చే అంకెలు. పడవలో అలా ఎన్నడూ చుట్టుకోదు కాబట్టి వీటిలో నాలుగింట మూడు వంతులే నమ్మవచ్చునని నేను పెట్టుకున్న కట్టుబాటు.

ఇక కావలసిన చుట్లు ఎన్ని? తెరచాప అడుగు అంచు 2.6 మీటర్లు. గొట్టం మందం 30 మి.మీ. దగ్గర మొదలై, తెరచాప అంతా చుట్టుకొనేసరికి కట్ట మందం 80 మి.మీ. దాకా పెరుగుతుంది. సగటున ఒక్కో చుట్టుకు 17 సెంటీమీటర్లు పోతాయి, అంటే 15 చుట్లు. అయితే ఈ అంకె నికరం కాదు. గాలి లేనప్పుడు తెరచాప వదులుగా, ఉబ్బుగా చుట్టుకుంటుంది కాబట్టి 14 చుట్లతోనే పని ముగుస్తుంది. గాలి లాగుతున్నప్పుడు అదే తెరచాప బిగువుగా, సన్నగా చుట్టుకుంటుంది కాబట్టి 19 దాకా కావాలి. ఆ పైన షీటు తాళ్ళు కట్ట మీద 3 చుట్లు పడితే తప్ప రాత్రి గాలికి తెరచాప మూల విప్పుకోకుండా ఉండదు. ఆ తరువాత కూడా డ్రమ్ మీద కనీసం 4 చుట్లు మిగలాలి, లేకపోతే భారమంతా లోపలి ముడి మీదనే పడుతుంది. మొత్తం 26.

ఒడ్డున జరిగిన పరీక్ష ఎందుకు మోసగించిందో ఈ లెక్కలోనే ఉంది. తాడు వేసిన మనిషి 12 చుట్లు పట్టే డ్రమ్‌లో 16 చుట్లు కుక్కాడు. గాలి లేని వేళ 14 తెరచాపకు, 2 షీటుకు సరిపోయాయి. గాలిలో అవే 16 చుట్లు తెరచాపకే చాలవు. అంటే ఆ రోజు చుట్టు జారి ఇరుక్కోకపోయినా, తెరచాప చివరి భాగం బయటే ఉండిపోయేది. గాలి లేనప్పుడు చేసిన ఫర్లింగ్ పరీక్షను నేను పరీక్షగా లెక్కించను.

బలం అనే భ్రమ

తాడు ఎంపికలో అందరూ మొదట అడిగేది "ఎన్ని కిలోలు ఆగుతుంది" అని. నా స్లింగుల వృత్తిలో అది సరైన ప్రశ్నే, ఎందుకంటే అక్కడ రాయి కింద మనిషి ఉంటాడు. ఫర్లింగ్ తాడు విషయంలో మాత్రం అది ప్రశ్నల వరుసలో చివరిది. గంటకు 36 కి.మీ. గాలి చదరపు మీటరుకు సుమారు 6 కిలోల ఒత్తిడి పెడుతుంది. ఈ తెరచాప పూర్తిగా విప్పి ఉన్నా దాని మీద మొత్తం భారం 58 కిలోల దగ్గర తేలుతుంది. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది, నిజమే, కానీ అప్పటికి తెరచాపలో కొంత భాగమే బయట ఉంటుంది. సగం చుట్టిన స్థితిలో షీటు లాగుడు 50 కిలోలు అనుకున్నా, కట్ట వ్యాసార్థానికీ డ్రమ్ మీది తాడు వ్యాసార్థానికీ ఉన్న నిష్పత్తి వల్ల ఫర్లింగ్ తాడు మీద పడేది 35 కిలోలు. రెండు పొరల అల్లిక గల 8 మి.మీ. పాలిస్టర్ తాడు తెగడానికి ఒకటిన్నర టన్ను దరిదాపు కావాలి.

ఆ వ్యాసార్థాల సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే చేతికి తెలిసే కష్టమంతా అక్కడే పుడుతుంది. చుట్టడం మొదలుపెట్టినప్పుడు తెరచాప కట్ట సన్నగా, డ్రమ్ మీద తాడు నిండుగా ఉంటుంది. కట్ట వ్యాసార్థం 15 మి.మీ., తాడు వ్యాసార్థం 50 మి.మీ. అయితే షీటు వైపు 10 కిలోల బిగువును మనం 3 కిలోలతో గెలుస్తాం. చివరికి వచ్చేసరికి ఇది తలకిందులవుతుంది. కట్ట వ్యాసార్థం 40, తాడు వ్యాసార్థం 28 అవుతాయి కాబట్టి అదే 10 కిలోల బిగువుకు 14 కిలోలు లాగాలి, గిలకల రాపిడి దానికి అదనం. తాడు మొదట్లో సులువుగా వచ్చి చివర్లో మొండికేయడం జబ్బు కాదు, సాధనం స్వభావమే. ఈ సంగతి తెలియకనే చాలామంది చివరి మూడు చుట్ల దగ్గర వించి హ్యాండిలు అందుకుంటారు.

మా తాతగారి కపిల బావి దగ్గర రెండు తాళ్ళుండేవి. నీళ్ళ బరువును మోసేది లావు మోకు, తొండాన్ని పట్టి ఉంచేది సన్న తాడు. ఎద్దులు లాగేది రెండింటినీ కలిపే అయినా, ఒకదాని స్థానంలో రెండోదాన్ని వేయాలని ఎవరికీ తోచలేదు. ఫర్లింగ్ తాడు తొండం తాడు జాతిది. మోకును తెచ్చి దాని గిలకలో దూర్చితే ఏమవుతుందో మైలవరంలో చూశాం.

ఏ పదార్థం

నైలాన్ సాగుతుంది. లంగరుకు ఆ గుణమే వరం, అలల కుదుపును అది మింగేస్తుంది. ఫర్లింగ్ తాడుకు అదే శాపం, ఎందుకంటే కుదించి నిలిపిన తెరచాప ప్రతి విసురుకూ కొంచెం విప్పుకొని, విసురు తగ్గగానే మళ్ళీ చుట్టుకుంటూ ఊగిసలాడుతుంది. డ్రమ్ నుంచి, తాడును పళ్ళ మధ్య బిగించి పట్టే క్లీట్ దాకా ఉన్న 5 మీటర్ల తాడు 10 సెంటీమీటర్లు సాగిందంటే డ్రమ్ అర చుట్టుకు కాస్త తక్కువగా తిరిగిందన్నమాట. పైగా నైలాన్ నీరు పీల్చుకొని బలం కొంత కోల్పోతుంది. పాలీప్రొపిలీన్, అంటే వలలకు వాడే ఆ నీలి, పసుపు తాళ్ళు, నీటిపై తేలుతుంది, చవక, కానీ ఎండకు త్వరగా పెళుసవుతుంది. కడప ఎండ గురించి కడపవారికి నేను చెప్పనక్కరలేదు.

యజమాని స్వయంగా చదివి తెలుసుకొని డైనీమా అనే కృత్రిమ పోగు లోతాడుగా, అంటే తొడుగు లోపలి తాడుగా, ఉన్నది వేద్దామన్నారు. అది గొప్ప పదార్థమే. బరువుకు ఉక్కుకంటే ఎన్నో రెట్లు బలం, సాగుదల అతి తక్కువ. అయితే జారుడు స్వభావం వల్ల క్లీట్ పళ్ళకు సరిగా చిక్కదు, 150 డిగ్రీల సెల్సియస్ దరిదాపులోనే కరుగుతుంది కాబట్టి చేతిలోనో కొక్కెం మీదనో వేగంగా జారితే వేడికి దెబ్బ తింటుంది. పాలిస్టర్ 250 డిగ్రీలు దాటాక గానీ కరగదు. ఇంకొక చిక్కు ఉంది. డ్రమ్‌లో చోటు మిగిల్చుకోవడానికి తాడు లోపలి చివరన లోతాడును తీసేసి తొడుగును మాత్రమే ఉంచాలని నేను అప్పటికే అనుకుంటున్నాను. డబ్బు పెట్టి డైనీమా కొని, ఆ డైనీమానే లాగి పారేసి, మిగిలిన పాలిస్టర్ తొడుగు మీద భారం వేయడం అర్థం లేని పని. నలభై అడుగుల సముద్రపు పడవకు తాడు పదిహేను మీటర్లు నడిచి వెళ్ళాలి, భారాలు వేరు. అక్కడ నా సమాధానం వేరుగా ఉండేది. ఇక్కడ 35 కిలోల భారానికి పాలిస్టర్ సాగేది వేలి మందం లెక్కలోనే.

సాగుదలకంటే ఎక్కువ నష్టం చేసేది మరొకటి ఉందని ఈ పనిలోనే నాకు స్పష్టంగా తెలిసింది. తెరచాపను విప్పేటప్పుడు తాడును వెనుక నుంచి కొంచెం పట్టి వదలకపోతే, అది డ్రమ్ మీద వదులుగా చుట్టుకుంటుంది. తరువాత భారం పడ్డప్పుడు పై చుట్టు ఆ వదులు చుట్ల మధ్యకు కూరుకుపోతుంది. ఆ కూరుకుపోయిన పొడవంతా తెరచాప విప్పుకోవడంగా బయటపడుతుంది, పైగా మళ్ళీ లాగినప్పుడు ఆ చుట్టు కింది వాటి మధ్య నొక్కుకుపోయి రానంటుంది. మరీ సన్నని, జారే తాడుకు ఈ రోగం ఎక్కువ.

మందం విషయంలో 6 మి.మీ. పాలిస్టర్ తాడు మొత్తం పొడవునా వేస్తే లెక్క ప్రకారం సరిపోతుంది: 35లో నాలుగింట మూడు వంతులు 26. తొందరలో ఉన్నవారికి నేను ఇప్పటికీ అదే చెబుతాను. వల లాగి కాయలు కాసిన ఆ యువకుడి అరచేతులకు అది ఏమీ కాదు. యజమాని వేళ్ళ కీళ్ళు మాత్రం ఉదయం పూట సరిగా ముడవవు. 6 మి.మీ. తాడుతో 14 కిలోలు లాగమంటే ఆయన చేయి కోసుకుపోతుంది. చేతికి 8, డ్రమ్‌కు 6 కావాలి. అందుకే 8 మి.మీ. పాలిస్టర్ రెండు పొరల తాడు తీసుకొని, డ్రమ్ వైపు లోతాడును తీసేయాలని నిర్ణయించాను. లోపల ఏమీ లేని తొడుగు అణిగి, నాడాలా చదునై, తక్కువ చోటు తీసుకుంటుంది.

నా తప్పు

26 చుట్లు డ్రమ్ మీద ఎంత పొడవు తీసుకుంటాయో లెక్కవేస్తే దాదాపు 6 మీటర్లు వచ్చింది. డ్రమ్ నుంచి క్లీట్ దాకా 5 మీటర్లు, చేతికి మరో ఒకటిన్నర, వెరసి 12.5 మీటర్ల తాడు. డ్రమ్ మీద ఉండేది 6 మీటర్లు కాబట్టి 6 మీటర్ల మేర లోతాడు తీసేశాను. అంత తేలికైన కూడిక కాబట్టి రెండోసారి ఆలోచించలేదు.

పడవలో వేసి, గాలి ఉన్న సాయంత్రమే పరీక్షించాం. తెరచాప పూర్తిగా చుట్టుకుంది, షీట్లు మూడు చుట్లు పడ్డాయి, డ్రమ్ మీద నాలుగు చుట్లు మిగిలాయి. యజమాని నా భుజం తట్టారు. ఆ క్షణానే క్లీట్‌లో బిగించిన తాడు పళ్ళ మధ్య నుంచి మెల్లగా, బల్లి పాకినట్లు, ముందుకు జారడం మొదలైంది. దానిని పట్టుకొని చూస్తే చేతిలో మెత్తగా, చప్పగా ఉంది. క్లీట్ పట్టుకొన్నది ఖాళీ తొడుగును. డ్రమ్ మీద ఉన్నదంతా చుట్టడం ముగిసేసరికి బయటికి వస్తుంది కదా: 6 మీటర్లలో నాలుగు చుట్లకు 70 సెంటీమీటర్లు పోను, 5.3 మీటర్ల ఖాళీ తొడుగు బయటికి వచ్చి, 5 మీటర్ల దూరంలో ఉన్న క్లీట్‌ను దాటి నిలిచింది. సరిగ్గా అత్యంత భారం పడే స్థితిలో, అత్యంత బలహీనమైన ముక్క పళ్ళ కిందికి చేరింది.

క్లీట్‌ను ముందుకు జరపవచ్చు గానీ అప్పుడు అది యజమాని చేతికి అందదు. ఆ తాడును నా సంచిలో వేసుకొని, కొత్తది నా ఖర్చుతో తెచ్చాను.

నాలుగో తాడు

ఈసారి డ్రమ్ వైపు చివర నుంచి 4.5 మీటర్ల దగ్గర గుర్తు పెట్టాను. తెరచాప అంతా చుట్టినప్పుడు ఖాళీ తొడుగు క్లీట్‌కు 1.2 మీటర్ల ఇవతలే ఆగుతుంది. విప్పినప్పుడు డ్రమ్ మీద బయటి వైపు ఒకటిన్నర మీటరు, అంటే ఐదు చుట్లు, నిండు తాడుగా ఉంటాయి. వరుసకు 5 పట్టే డ్రమ్‌లో అవి ఒక పై వరుసగా చక్కగా కూర్చుంటాయి. లోపలి మూడు వరుసలు చదునైన తొడుగువి.

పని చేసే తీరు చెబుతాను. గుర్తు దగ్గర తాడును రెండు చేతులతో ఎదురెదురుగా నెట్టితే తొడుగు అల్లిక వదులై కళ్ళు తెరుస్తుంది. మొద్దు సూదితో పోగులను తెంపకుండా పక్కకు జరిపి, ఆ సందు నుంచి లోతాడును వంకీలా బయటికి తీయాలి. దానిని కోసి, డ్రమ్ వైపు ముక్కను అక్కడి నుంచే మెల్లగా లాగేయాలి. పొట్లకాయ గుజ్జు లాగినట్లు మొత్తం ఒకే పోగుగా వస్తుంది. ఇవతలి వైపు మిగిలిన లోతాడు కొసను ఉన్నపళాన మొద్దుగా వదిలితే అక్కడ మెట్టులా ఏర్పడి ప్రతి గిలకలోనూ తట్టుకుంటుంది. అందుకని జానెడు పొడవున పోగులను కొన్ని కొన్నిగా వేర్వేరు చోట్ల కోసి, ఎలుక తోకలా సన్నం చేసి, తొడుగును మళ్ళీ దాని మీదకు నిమిరి మింగించాలి. ఆ చోట మైనం రాసిన పాలిస్టర్ దారంతో తొడుగునూ లోతాడునూ కలిపి అడ్డంగా కుట్టాలి, లేకపోతే కొన్నాళ్ళకు తొడుగు జారి ముడుచుకుంటుంది. డ్రమ్ లోపలి చివరన ఖాళీ తొడుగును కరిగించి, ఎనిమిది అంకె ముడి వేసి, ముడి తరువాత బొటనవేలంత తోక వదిలాను. ఖాళీ తొడుగు బలం నిండు తాడులో దాదాపు సగమే ఉంటుందనుకున్నా, పడే భారానికి అది చాలా రెట్లు.

చివరి గిలకను రెండు వేళ్ళు కిందికి దించి, తాడు డ్రమ్ ఎత్తు మధ్యకు లంబంగా చేరేలా బిగించాం. తెరచాప మీద ఎండ తగలకుండా కుట్టిన అదనపు గుడ్డ పట్టీ ఎడమ వైపు ఉంది కాబట్టి, చుట్టిన తరువాత అది బయటికి వచ్చే దిక్కులోనే తాడు డ్రమ్‌కు చుట్టాం. ఈ దిక్కు తప్పితే పట్టీ లోపలికి పోయి తెరచాప బట్ట ఎండకు మాడుతుంది.

తరువాత

ఆగస్టులో రెండుసార్లు వెళ్ళి చూశాను. గంటకు 30 కి.మీ. పైబడిన గాలిలో తెరచాపను మూడో వంతు చుట్టి గంటసేపు తిరిగాం, డ్రమ్ దగ్గర తాడు మీద పెట్టిన సుద్ద గీత వేలి మందమే జరిగింది. స్ప్రింగు త్రాసు తగిలించి లాగితే చివరి చుట్ల దగ్గర 16 నుంచి 18 కిలోలు చూపింది. లెక్కకు వచ్చిన 14కు గిలకల రాపిడి కలిస్తే అంతే ఉండాలి. యజమాని కూర్చునే చోటు నుంచి, కాళ్ళు తన్నిపెట్టి, రెండు చేతులతో లాగగలిగారు.

ఆ యువకుడికి నేను నేర్పింది రెండే. తెరచాప విప్పేటప్పుడు ఫర్లింగ్ తాడును అరచేతిలో కొంచెం పట్టి వదలమన్నాను, చుట్టేటప్పుడు షీటును పూర్తిగా వదలకుండా కాస్త బిగువు ఉంచమన్నాను. మొదటిది డ్రమ్ మీద తాడు పొందికగా చుట్టుకోవడానికి, రెండోది తెరచాప బిగువుగా చుట్టుకోవడానికి. మూడోది అతనే కనిపెట్టాడు. తాడు మీద మూడు చోట్ల ఎర్ర దారం కట్టుకొని, ఏ దారం క్లీట్ దగ్గరకు వస్తే తెరచాప ఎంత మిగిలిందో ముక్కు వైపు చూడకుండానే చెప్పేస్తున్నాడు. నా తరువాతి పనుల్లో ఈ గుర్తులు నేనే పెట్టి ఇస్తున్నాను.

డిసెంబరులో వెళ్ళినప్పుడు ఒక లోపం కనిపించింది. తెరచాప మూడో వంతు చుట్టినప్పుడు రెండో గిలక మీద నిలిచే చోట తొడుగు నూగుబారింది. గిలక లోపలి బుష్‌లో ధూళి చేరి చక్రం తిరగకపోవడం దానికి కారణం. తాడు తిరగని చక్రం మీద రాసుకుంటోంది. చక్రాన్ని కడిగి తిప్పాను గానీ బుష్ అప్పటికే అండాకారంగా అరిగి ఉంది. చేతి వైపు మిగులు ఉన్నందున డ్రమ్ లోపలి చివర ఒక జానెడు కోసి ముడి మళ్ళీ వేశాను, దానివల్ల నూగుబారిన చోటు గిలక మీద నుంచి పక్కకు జరిగింది. అదే జానెడు ఖాళీ తొడుగు కూడా తగ్గింది కాబట్టి డ్రమ్ లెక్కను మరోసారి వేసి చూసుకున్నాను, ఇబ్బంది లేదు. బాల్ బేరింగు గిలక ఒకటి తెప్పించమని యజమానికి చెప్పాను. అది వచ్చేదాకా వారానికొకసారి ఆ గిలకలో చెంబెడు నీళ్ళు పోయడం ఆ యువకుడి పని.